ఏం తప్పో చెబితే

మూడు కావడానికి రెండు నిమిషాలుందనగా ఆయన రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపులో జేబురుమాలు పరుచుకుని కూర్చున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి సూపరింటెండెంటు, ఎత్తు సరిచేసి పెట్టుకున్న సొంత కుర్చీలో తప్ప ఇంకెక్కడ కూర్చున్నా నడుం పట్టేసే మనిషి, ఇలా మెట్ల మీద కూలబడడం ఎవరి కంటనైనా పడితే ఏమనుకుంటారోనని ఒకసారి పైకీ ఒకసారి కిందికీ చూసుకున్నాడు. ఎవరూ లేరు. కింద శిక్షణ గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, గ్రంథాలయం మేడమ్ నవ్వు, తలుపు మూసుకున్నాక అదీ లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చీటీ. ఫోను తనది కాదు. శిక్షణ ఇస్తున్న అమ్మాయి ఇచ్చింది, కావాలనే పాతది ఇచ్చింది, అద్దం ఒక మూల పగిలి వేలికి గరగరమని తగులుతోంది. "గంటసేపు మీరు మీరు కాదు సార్, చీటీలో ఉన్న మనిషి. ఆ మనిషికి మన సహాయం ఎలా అందుతుందో చూసి రండి" అని పంపింది. చీటీలో ఉన్నది నలభై ఒక్క ఏళ్ల ఆడమనిషి. సిటీ బస్సు నడుపుతుంది, దూరవిద్యలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య గంట విరామం తప్ప ఆమెకు వేరే సమయం లేదు. పరీక్ష దరఖాస్తులో ఆమె ఫొటో నాలుగుసార్లు తిరస్కరించారు, ఎందుకో చెప్పలేదు. చీటీ చదవగానే టైపు గుమాస్తా "సార్‌కి ఆడవేషం పడింది" అని అరిచాడు, గదంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. ఇక్కడ మెట్ల మీద మాత్రం నవ్వు రావడం లేదు. చీటీ చివర ఆమె రాసిన వాక్యమే ఒకటి అచ్చు వేసి ఉంది, ఏం తప్పో చెబితే సరిచేసుకుంటాను, అని.

తెర మీద ఒక గుండ్రం తిరుగుతోంది. దాని కింద, మీ ముందు పద్నాలుగు మంది ఉన్నారు. ఆ పద్నాలుగు మందీ ఎవరో ఆయనకు తెలుసు, అందరూ ఇందాక తనతో టీ తాగినవాళ్లే, కెమిస్ట్రీ లెక్చరరు సైకిల్ స్టాండులోనో, హాస్టల్ వార్డెను గేటు దగ్గరో నిలబడి ఇదే గుండ్రాన్ని చూస్తూ ఉంటారు, తలా ఒక చీటీ, తలా ఒక పాత ఫోను. జవాబులిచ్చేవాళ్లు గ్రంథాలయం మేడమ్, ఇంకొకరు, ఇద్దరే, గదిలో, ఫ్యాను కింద. పద్నాలుగు మందికి ఇద్దరు, మనిషికి మూడు నిమిషాలు వేసుకుంటే ఇరవై ఒక్క నిమిషం. వరుసల లెక్క ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఎప్పుడూ వరుస మొదలయ్యే చోటే కూర్చున్నాడు, కిటికీ లోపల. తోక ఎక్కడిదాకా ఉండేదో చూడలేదు, మధ్యాహ్నం కిటికీ మూసి వెనక తలుపులోంచి వెళ్లిపోయేవాడు కాబట్టి. తోక పోర్టికో దాటి, ఎండలోకి వెళ్లి, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగేదని ఎవరో చెప్పారు ఒకసారి. అప్పుడేమన్నాడు తను? ఆ, నీడ ఉన్న చోట నిలబడమనండి, అన్నాడు. పదమూడు మంది. ఒకరు తగ్గారు. ఎవరో పైమెట్ల మీదుగా దిగివస్తున్న చెప్పుల చప్పుడు, ఆయన చప్పున ఫోను చెవికి ఆనించి మాట్లాడుతున్నట్టు నటించాడు, "ఊఁ, ఊఁ, సరే" అన్నాడు ఎవరితోనో. ఊడ్చే ఆవిడ. ఆయన్ని చూసి చీపురు వెనక్కి దాచుకుని గోడవారగా తప్పుకుని వెళ్లింది. ఈవిడ ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది, ఒక్కసారైనా మాట్లాడానా అనుకున్నాడు. మాట్లాడాను, బల్ల కింద తుడవలేదని.

మూడో నంబరు కిటికీ ఆయనది. ఇనుప చువ్వలు, కింద అరచేయి దూరేంత సందు, సందు అంచున పదివేల మోచేతులు ఆని నున్నబడ్డ చెక్క. ముందు చేతులే కనిపించేవి. కాగితం పట్టుకున్న చేయి చూస్తే చాలు, మనిషి అబద్ధమాడుతున్నాడా, భయపడుతున్నాడా, ఎవరి సిఫారసుతోనైనా వచ్చాడా చెప్పేసేవాడు, తర్వాత తలెత్తి మొహం చూసేవాడు. రోజుకు మూడు వందల చేతులు. రికార్డు గది తాళం ఒకరి దగ్గర, సంతకం పెట్టేవారు మీటింగులో, రిజిస్టరు బైండింగులో, అంతమందికీ ఒకటే జవాబు సరిపోయేది, రేపు రండి. అది బద్ధకం కాదు, ఎవరూ నమ్మరు గానీ, చాలాసార్లు నిజంగా రేపటికే అయ్యేది. పిల్లలకు అదంతా దేనికి? రేపు గారు అని పేరు పెట్టేశారు. క్యాంటీనులో మొదటిసారి చెవిన పడింది, రేపు గారు రేపు సెలవట, అయితే ఎల్లుండి రావాలేమో మనం, అంటూ విరగబడి నవ్వుకుంటున్నారు. ఆయన గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాడు. ఇంటికి వెళ్లి భార్యకు చెప్పి నవ్వించబోయాడు. ఆవిడ కంచాలు పెడుతూ, "బాగానే కనిపెట్టారు" అంది. నవ్వలేదు. చెదలు తిన్న మార్కుల రిజిస్టరు కోసం రెండు ఆదివారాలు రికార్డు గదిలో దుమ్ము మింగిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు, ఎవడో ఒకడికి ఉద్యోగం వచ్చింది, నెలలోగా చేరకపోతే పోతుంది, వాడి రోల్ నంబరు ఇప్పటికీ నోటికి వచ్చు. అలాంటి వాటికి ఎవరూ పేర్లు పెట్టరు. రెండు నెలల కిందట ఆ కిటికీకి ప్లైవుడ్ కొట్టేశారు, అన్నీ ఆన్‌లైనే ఇక అన్నారు. మేకులు కొడుతున్నంతసేపూ ఆయన లోపలే కూర్చున్నాడు, వెలుతురు పలక పలకగా తగ్గిపోవడం చూస్తూ.

పదకొండు మంది. ఇంకా పదకొండు. ఐదు రోజుల ఆన్‌లైన్ పనుల శిక్షణలో ఇవాళ నాలుగో రోజు. మొదటి రోజు అందరిదీ ఒకటే గోల, గ్రంథాలయం మేడమ్ ముప్ఫై ఏళ్లు గుసగుసలతో బతికిన మనిషి, మైకు ముందు కూడా గుసగుసే, ఎవరికీ ఒక్క ముక్క వినపడదు. కెమిస్ట్రీ లెక్చరరుకు పచార్లు చేస్తే గానీ పాఠం రాదు, రికార్డు చేసింది వేసి చూస్తే ఖాళీ గోడ, అప్పుడప్పుడూ ఎడమవైపు నుంచి ఒక చేయి వచ్చి వెళ్తుంది, మాట మాత్రం ఎక్కడినుంచో అశరీరవాణిలా. ఆ శిక్షణ అమ్మాయి నవ్వకుండా, "సార్, పిల్లలు మీ చేతిని గుర్తుపడతారు గానీ మిమ్మల్ని పట్టరు" అంది, తర్వాత తనే బల్లలు జరిపి లెక్చరరు తిరగడానికి రెండు అడుగుల చోటు చేసి, అక్కడిదాకా కెమెరా పట్టేలా పెట్టింది. అది చూసి కాస్త మెత్తబడ్డాడు తను. లేకపోతే మొదటి పూటే లేచి వచ్చేసేవాడు, ముప్ఫై ఏళ్లు నిండని పిల్ల, మా అమ్మాయి కంటే చిన్నది, మనకు పని నేర్పడమేమిటి అని. రెండో రోజు అడిగేశాడు కూడా. "మొహం చూడకుండా ఎవరికి సాయం చేస్తామమ్మా? ఎదురుగా నిలబడితే మనిషి కష్టం తెలుస్తుంది." "వాళ్లకూ మన మొహం కనపడదు కదండీ. అయినా వాళ్లు అడుగుతూనే ఉన్నారు" అంది ఆ అమ్మాయి. ఆయన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. పక్కనుంచి టైపు గుమాస్తా తొంగిచూశాడు. ఆయన గీసింది ఒక చతురస్రం, దానికి నాలుగు నిలువు గీతలు.

గుండ్రం ఆగింది. నమస్కారం, మీకు ఏవిధంగా సహాయపడగలము? ఆయన పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. ఒంటి వేలితో కొట్టాడు, నా ఫొటో ఎందుకు తిరస్కరించారు. అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టేసరికి రెండు నిమిషాలు. జవాబు రెండు క్షణాల్లో వచ్చింది, దయచేసి నిబంధనలు పరిశీలించగలరు, కింద లింకు. నొక్కాడు. తెల్లటి తెర, చాలాసేపు తెల్లటి తెరే, తర్వాత నలభై రెండు పేజీల పత్రం తెరుచుకుంది, చీమ తలకాయలంత అక్షరాలు. మొదటి పేజీలో తొలి వాక్యం చూడగానే పోల్చుకున్నాడు. ఇది తను రాసిందే. పదకొండేళ్ల కిందట నెల రోజులు కూర్చుని, కామా కామాకీ కంట్రోలరు గారితో వాదించి తయారు చేసిన నిబంధనావళి, అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు, సందు లేకుండా రాశావయ్యా అన్నారు. ఇప్పుడు ఫొటో సంగతి ఎక్కడుందో తనకే దొరకదే! మూడో అధ్యాయమా, అనుబంధమా? పెద్దది చేస్తే పక్కలు తెగిపోతున్నాయి, చిన్నది చేస్తే కనపడదు, వేలు జారితే ముప్ఫయ్యో పేజీ నుంచి మూడో పేజీకి వచ్చి పడుతోంది. కళ్లజోడు తుడుచుకున్నాడు. బస్సు నడిపే మనిషికి ఇదంతా స్టీరింగు ముందు కూర్చుని చదవాలంటే? ముప్ఫై ఒకటో పేజీలో దొరికింది, ఉపనిబంధన ఎనిమిది, అభ్యర్థి ఛాయాచిత్రము నిర్దేశిత ప్రమాణములకు అనుగుణముగా ఉండవలెను. అంతే. ఆ ప్రమాణాలేమిటో ఎక్కడా లేదు. సందు లేకుండా రాశావయ్యా. ఆయన అక్కడికక్కడే నాలుక కరుచుకున్నాడు. సంభాషణలోకి తిరిగి వెళ్లబోతే, మీ నుండి స్పందన లేనందున ఈ సంభాషణ ముగించడమైనది, అని ఉంది. మళ్లీ గుండ్రం. మీ ముందు పదిహేడు మంది ఉన్నారు.

ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది. "నేనెక్కడికి పోయానయ్యా, మీరిచ్చిందే చదువుతున్నా కదా" అని పైకే అన్నాడు, మెట్లలో గొంతు మోగింది. ఇలా అరిచేవాళ్లు కిటికీ అవతల, కొందరు చువ్వలు పట్టుకుని ఊపేవాళ్లు, అప్పుడు తను పెన్ను మూసి పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చునేవాడు, వాళ్లు అలిసిపోయేదాకా. అలా అరిచేవాళ్లు నయం, వాళ్లు మళ్లీ వస్తారు. అరవనివాళ్లే తిరిగి రారు. ఈవిడ అరవలేదు. చీటీ మళ్లీ తీసి చూశాడు. ఎవరిది ఈ బాధ్యత అనలేదు, ఎందుకు చేశారు అనలేదు. ఏం తప్పో చెబితే సరిచేసుకుంటాను. తప్పు తనదేనని ముందే ఒప్పేసుకుంది. ఈ మాట ఎక్కడో విన్నాను, ఇంచుమించు ఇదే మాట, ఏం తప్పో మీకు తెలుస్తుందేమో ఒకసారి చూడండి, ఎవరు? కిటికీ దగ్గర కాదు. ఇంట్లో. నవారు మంచం, దాని మీద పిల్ల నిద్రపోతోంది, పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి, ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గోధుమరంగు కవరు.

పెళ్లయిన రెండేళ్లకు జరిగిన సంగతి. భార్యకు చదువంటే ఇష్టం, పాఠాలు పోస్టులో వచ్చేవి, పిల్లకు పాలిస్తూ ఒడిలో పుస్తకం పెట్టుకునేది, చంటిది పేజీల అంచులు నమిలేసేది. మొదటి సంవత్సరం పరీక్ష దరఖాస్తు వేరే విశ్వవిద్యాలయం నుంచి వెనక్కి వచ్చింది, ఎర్ర పెన్సిలుతో ఒక చోట సున్నా చుట్టి, ఇంకేమీ రాయకుండా. "ఏం తప్పో మీకు తెలుస్తుందేమో ఒకసారి చూడండి. మీరు ఆ పనిలోనే ఉన్నారు కదా" అంది. ఆయన అప్పుడే ఇంటికి వచ్చాడు, పొద్దుట నుంచి మూడు వందల కాగితాలు చూసిన కళ్లు, ఇంకో కాగితం చూడలేక మూసుకున్నాడు. కళ్లు తెరవకుండానే, "సరిగ్గా నింపి ఉండవు" అన్నాడు. అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆవిడ నీళ్లు మరుగుతున్నాయని లోపలికి వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు, చదువు మానేశానని కూడా చెప్పలేదు, పోస్టులో పాఠాలు రావడం ఆగాక గానీ ఆయనకు తెలియలేదు. పదేళ్ల తర్వాత ఇల్లు మారుతుంటే అటక మీద పాత పరదా గుడ్డలో కట్టిన పుస్తకాలు దొరికాయి, మధ్యలో ఆ కవరు. తెరిచి చూశాడు. ఎర్ర సున్నా చుట్టింది పుట్టిన తేదీ చుట్టూ. నెల ముందు రాసి తేదీ తర్వాత రాసింది. అర నిమిషం పని. అక్కడే, అటక నిచ్చెన మీద నిలబడి, అర నిమిషం పని అని అనుకున్నాడు, కిందినుంచి ఆవిడ "ఏమున్నాయండీ అక్కడ?" అని అడిగితే, "ఏవో పాత కాగితాలు" అని మూట మళ్లీ కట్టేశాడు. ఎందుకు కట్టేశాడు? చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆవిడ ఏమీ అనేది కాదు, అదే భయం. ఆవిడ తిట్టి ఉంటే చెప్పేవాడేమో.

మెట్ల కిటికీలోంచి ఎండ పలక ఆయన మోకాలి మీదికి పాకింది. మూడూ ముప్ఫై ఎనిమిది. తొమ్మిది మంది. సరే, నేను బస్సు నడిపే మనిషిని, అనుకున్నాడు, శిక్షణ అమ్మాయి చెప్పినట్టు. ఎక్కడుంటాను ఇప్పుడు? డిపోలో, నీడకు ఆపిన బండిలో. అరచేతుల్లో స్టీరింగు వేడి, మడమల్లో నొప్పి, అన్నం డబ్బా సగం తిని మూత పెట్టేశాను. రోజూ ఆయన వచ్చేది బస్సులోనే, డ్రైవరు మొహం ఎప్పుడైనా చూశానా, వెనక నుంచి మెడ, కాలరు, అద్దంలో రెండు కళ్లు. విరామంలో ఫొటో తీసుకోవాలి. ఎక్కడ తీసుకుంటాను? సీట్లోనే కదా. ఫోను డాష్‌బోర్డు మీద ఆనించి, తల తిప్పి, వెనక పక్క కిటికీ అద్దం, అద్దం నిండా వెలుతురు, మొహం నల్లగా పడుతుంది, మూలకు స్టీరింగు వంపు ఒకటి కనిపిస్తుంది. స్టీరింగు వంపు. ఆ వంపు తను చూశాడు. కిటికీ మూశాక ఇచ్చిన కొత్త పని అదే, దరఖాస్తులు వరసగా తెర మీదికి వస్తాయి, రోజుకు నూట నలభై, బొటనవేలి గోరంత ఫొటో, పచ్చ మీట, ఎర్ర మీట, ఎర్ర మీట కింద కారణం అని ఒక ఖాళీ గడి, నింపినా సరే నింపకపోయినా సరే. నల్ల మచ్చలాంటి మొహం, మూల ఏదో చక్రంలాంటిది. ఇదేమిటి, సర్కసా అనుకుని ఎర్రది నొక్కాడు. ఇంకో రోజు మళ్లీ అదే నల్ల మచ్చ, ఈసారి టోపీతో. ఎర్రది. అలా నాలుగుసార్లు, నాలుగుసార్లూ గడి ఖాళీ. చీటీలో మనిషిని ఎవరో ఊహించి రాశారనుకున్నాడు ఇంతసేపూ, నాటకంలో పాత్రలాగా. ఊహ కాదు. ఈవిడ ఉంది. తారీఖు ఎంత ఇవాళ? ఎంతేమిటి, గడువు నోటీసు మీద సంతకం తనదే. ఇవాళే ఆఖరు. ఐదింటికి దరఖాస్తు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరు చెప్పినా తెరుచుకోదు, ఒక సంవత్సరం అంతే.

లేచిన తొందరలో నడుం కలుక్కుమంది. గోడ పట్టుకుని దిగాడు, జేబురుమాలు మెట్ల మీదే ఉండిపోయింది. గదిలోకి వెళ్లేసరికి శిక్షణ అమ్మాయి బోర్డు మీద ఏదో రాస్తోంది. గడియారం చూసి, "ఇంకా పావుగంట ఉందండీ" అంది నవ్వుతూ. ఆయన చీటీ ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవరిదమ్మా?"

"నిజంగా వచ్చిన సందేశాలే సార్. పేర్లు తీసేసి ఇమ్మన్నాను, మీ సెక్షన్ నుంచే ఇచ్చారు. అన్నీ పరిష్కారమైనవే అన్నారు."

"ఎవరన్నారు?"

ఆ అమ్మాయి జవాబు చెప్పడానికి ఇబ్బంది పడుతూ ఫైలు తీసి చూపించింది. జాబితా, చివర ఒక వాక్యం, పైవన్నియు పరిష్కరించబడినవి, కింద ఆయన సంతకం. నలభై సంతకాల మధ్య అదొకటి పెట్టి ఉంటాడు ఏ సాయంత్రమో. ఆయన తన సంతకాన్ని చాలాసేపు చూశాడు, ఎవరిదో చూస్తున్నట్టు. "కాలేదమ్మా. ఇదొక్కటైతే కాలేదు, నాకు తెలుసు. ఇవాళ ఐదింటితో సరి" అన్నాడు. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. ఇంకో మాట అడగకుండా తన కంప్యూటరు ఆయన వైపు తిప్పి కుర్చీ ఖాళీ చేసింది. ఆయన తన పాస్‌వర్డుతో దరఖాస్తుల్లోకి వెళ్లాడు. చీటీ అడుగున చిన్న అంకెల్లో దరఖాస్తు నంబరుంది. కొట్టాడు. దరఖాస్తు వచ్చింది, తిరస్కరించినవి నాలుగు, నాలుగు ఖాళీ గడులు, ఒక ఫోను నంబరు. తల తిప్పకుండానే, "మిగతా చీటీలు కూడా చూడండి, మూసుకుపోయేవి ఇంకేమున్నాయో" అన్నాడు గ్రంథాలయం మేడమ్‌తో. ఆవిడ మొదటిసారి గుసగుస మాని గది దద్దరిల్లేలా, "అందరినీ వెనక్కి పిలవండి" అంది.

తన ఫోనులోంచి ఆ నంబరుకు చేస్తే ఐదుసార్లు మోగాక ఎత్తింది. వెనక ఇంజన్ల రొద.

"ఎవరండీ?"

"విశ్వవిద్యాలయం నుంచమ్మా. పరీక్షల విభాగం. మీ ఫొటో గురించి."

"అదాండీ. నేను వదిలేశానండీ. ఈ ఏడాదికి కాదులే అనుకున్నా."

"వదలకండమ్మా, ఐదింటిదాకా టైముంది. ముందు నేను చెప్పేది వినండి. మీ ఫొటోల్లో వెలుతురు వెనక నుంచి వస్తోంది. బండి కిటికీ అద్దం మీ వీపు వెనక ఉంది. అందుకని మొహం నల్లగా పడుతోంది. తప్పు అదొక్కటే. ఇంకేం లేదు."

"అంతేనా?"

"అంతేనమ్మా."

"ఫోను మంచిది కాదేమోనని మా ఆయన ఫోనుతో కూడా తీసుకున్నానండీ" అంది ఆవిడ. "తర్వాత మొహమే సరిగా లేదేమో అనుకున్నా."

బండి దిగి, వెలుతురుకు ఎదురుగా, గోడ ముందు నిలబడమన్నాడు. నాలుగూ ఇరవైకి బండి తియ్యాలండీ అంది. ఇప్పుడు నాలుగూ మూడు, సరిపోతుంది అన్నాడు. కండక్టరును కేకేసింది, గోడ దగ్గర ఎవరో పెట్టిన టైర్లు దొర్లించిన చప్పుడు, "ఎండ కంట్లో పడుతోందండీ", "పడనివ్వండి, ఒక్క నిమిషం", "చెవులు కనపడాలాండీ?", "కనపడాలి, రెండూ." ఫోన్లో పంపే చోటు దొరకలేదు ఆవిడకు. ఆయన ఇందాకటి పాత ఫోను తెరిచి పెట్టుకుని, తనకు ఏది ఎక్కడ కనిపిస్తోందో చూస్తూ చెప్పాడు, పైన మూడు గీతలున్నాయా, అది నొక్కండి, నొక్కాక తెల్లగా అవుతుంది, కంగారు పడకండి, ఆగితే వస్తుంది. తెల్లగానే ఉందండీ. ఆగండమ్మా, నాకూ అలాగే అయింది. గదిలోకి ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు, కెమిస్ట్రీ లెక్చరరు తన చీటీ పట్టుకుని, "ఇతనూ ఉన్నాడా అయితే?" అని అడుగుతున్నాడు ఎవరినో, టైపు గుమాస్తా నంబర్లు చదువుతున్నాడు. నాలుగూ పదహారుకు ఫొటో వచ్చి తెర మీద విచ్చుకుంది. నుదుటి మీద చెమట, చెంప మీద చెదిరిన జుట్టు, ఎండకు ఒక కన్ను కాస్త ముడుచుకుని, రెండు చెవులు, ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ. ఆయన పచ్చ మీట నొక్కాడు. చీకటి కిటికీలో కూర్చున్నవాడిలా తెరకు దగ్గరగా వంగి రెండుసార్లు చదువుకున్నాడు, ఆమోదించబడినది.

"అయిందమ్మా. పరీక్ష రాయొచ్చు మీరు."

"అయిందా?" అంది ఆవిడ. పక్కనెవరికో, "అయిందంట" అని చెప్పింది. తర్వాత, "ఒక్క మాటండీ. ముందు నాలుగుసార్లు కాదన్నది ఎవరండీ? కంప్యూటరా?"

అవునమ్మా అనడం ఎంత తేలిక! ఆవిడ నమ్ముతుంది, ఎవరైనా నమ్ముతారు. శిక్షణ అమ్మాయి బోర్డు తుడవడం ఆపి ఇటు చూస్తోంది.

"కాదు, నేనేనమ్మా."

ఇంజన్ల రొద. "మీరా?"

"నేనే. కారణం రాయడానికి చోటుంది. రాయలేదు. రోజుకు నూట నలభై" అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ లెక్క ఆవిడకెందుకు? "రాయాల్సింది."

"అయితే నా మొహం నాలుగుసార్లు చూశారన్నమాట మీరు."

"కాదన్నానే గానీ చూడలేదమ్మా."

ఆవిడకు కోపమొచ్చిందో, నవ్వొచ్చిందో, ముక్కులోంచి గాలి వదిలిన చప్పుడొకటి వినిపించింది. "సరేనండీ, టైమైపోయింది, జనం ఎక్కేశారు" అంది. ఫోను పెట్టలేదు, జేబులో పడేసుకున్నట్టుంది, గుడ్డ రాపిడి, తలుపు మూసిన చప్పుడు, బండి స్టార్టయి గర్రుమంది. ఎవరో ఆడవాళ్లు టైము గురించి విసుక్కుంటున్నారు. పెట్టేద్దామని ఆయన వేలు తెర మీదికి తెచ్చాడు. అప్పుడు ఆవిడ గొంతు దూరంగా, ఎవరితోనో, ఇందాక తనతో మాట్లాడినప్పటికంటే గట్టిగా వినిపించింది. "మెల్లగా ఎక్కండి పెద్దాయనా. మీరు కూర్చుని చెప్పేదాకా బండి కదపను." ఒక ముసలి గొంతు ఏదో గొణిగింది, కర్ర ఎక్కడో తగిలింది, ఇంకో మెట్టు. గదిలో ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. ఆయన ఉండమన్నట్టు చేయెత్తి, ఆ పెద్దాయన కూర్చునేదాకా ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. బండి కదిలాక పెట్టేశాడు.